చర్చి కన్నా పొడుగాటి మనిషి

ఆ రోజు ఇంట్లో ఉన్నది ముగ్గురు. కళ్ళజోడు ముక్కు చివరికి జారిన అమ్మమ్మ ఓజెల్లా, నోటికి తాళం లేని పిన్ని వెర్లీన్, నోరే లేనట్టుండే డెల్ఫీన్.

పోయిన ఏడాది మిసిసిపి నది పొంగి ఊరు మునిగిన కథంతా డెల్ఫీన్ గుడ్డముక్కలతో బొంత మీద కుట్టింది. ఎవరి బొమ్మకు వాళ్ళు కట్టి విడిచిన బట్టే వాడాలన్నది ఆ ఇంటి పద్ధతి. నాలుగింటికి దాన్ని తీసుకెళ్ళడానికి మ్యూజియం వ్యాను వస్తుంది. ఆ తరువాత ఊరంతా చూస్తుంది.

"ఒసేయ్, పడవ నడిపే థాడియస్ చర్చి కన్నా పొడుగున్నాడేమిటే?" అంది పిన్ని.

"గుడ్డ మిగిలింది పిన్నీ."

"చర్చికి మిగల్లేదా?"

"గంట కొట్టాలంటే పాపం, ఈ అబ్బాయి వంగాలి," అంది అమ్మమ్మ.

కుట్టేటప్పుడు డెల్ఫీన్ మనసు డెల్ఫీన్‌కే తెలియలేదు. ఇప్పుడు ఊరందరికీ తెలిసిపోతుంది, అతనికి కూడా. విప్పేద్దామని కత్తెర అందుకుందో లేదో, తలుపు తోసుకుని సాక్షాత్తూ థాడియస్సే వచ్చాడు.

"నేనిచ్చిన చొక్కా ఏమైందో చూసిపోదామని..."

పిన్ని ఆనందంగా బొంత పరిచింది. అతను చాలాసేపు చూశాడు.

"నేనింత లావా?"

"పొడుగు," అంది డెల్ఫీన్. నాలుగు నెలల్లో అతనితో మాట్లాడిన మొదటి మాట అది.

"వరద రోజు పడవలో పదకొండుమందిమి. ఇక్కడ పదిమందే. నువ్వెక్కడ?"

"ఆనాటి గౌను బురదకు కుళ్ళిపోయింది. ఇంకేం కుట్టను?"

థాడియస్ జేబులోంచి పర్సు తీశాడు. అందులో ఓ పసుపు పచ్చ గుడ్డముక్క. "నీ గౌనుదే, పడవ మేకుకు చిక్కి చిరిగింది. తిరిగి ఇద్దామనే..."

"ఏడాదా! రెండు వీధుల దూరానికి దారి తప్పావా నాయనా?" అంది పిన్ని.

"ఇవ్వబుద్ధి కాలేదండీ." అతను డెల్ఫీన్ వైపు తిరిగాడు. "దీన్ని నా పక్కనే కుడతావా డెల్ఫీన్? నీకిష్టమైతేనే. వరండాలో ఉంటాను."

గుడ్డముక్కను బొంత మీద పెట్టి అతను బయటికి నడిచాడు. డెల్ఫీన్ వంటింట్లోకి పరిగెత్తబోతే అమ్మమ్మ అడ్డం నిలబడింది.

"ఎక్కడికే?"

"సూది... సూది వెతకాలి."

"చేతిలో ఉన్నది సూది కాదటే? ఇష్టం లేకపోతే లేదని చెప్పు, కత్తెర ఇక్కడే ఉంది."

ఇష్టం లేక కాదన్నట్టు డెల్ఫీన్ తల అడ్డంగా ఊపింది.

"మరైతే ఆ మాట నాకెందుకు? వెళ్ళి అతనికి చెప్పు."

అమ్మమ్మ ఆమెను సూదితో సహా వరండాలోకి నెట్టి, తలుపు మూసేసింది.