రేవు అవతలి ఆయ్

మా వైపు రేవులో నిలబడి "ఓ పడవా!" అని కేకేస్తే, అవతలనుంచి "ఆయ్" అని వినబడేదాకా కదలమండీ. మా అన్నయ్య కూతురు వీరదుర్గ ఆ కేకని కంప్యూటర్లో పెట్టేసింది, చూస్కోండి! నాది పదో తరగతి చదువే గానీ, ముచ్చటేసి అంతా చెప్పించుకున్నాను. పేజీలో పడవవాడి పేరు నొక్కితే బ్రౌజరునుంచి వాడి ఫోనుకి కబురెళ్తుందిట. ఆ కబురు మోసే పని ఒక చిన్న లైబ్రరీది, అంటే పుస్తకాలది కాదు, ఎవరో రాసిపెట్టిన ప్రోగ్రాం ముక్కట. జవాబు రాకపోతే అదే ఓపిగ్గా మళ్ళీ అడుగుతుందిట.

"మీ పిన్నికంటే నయమే! ఓసారి పలక్కపోతే వారం మాట్లాడదు" అన్నాను.

ఆ పిన్నే, మా ఆవిడ కామేశ్వరి, ఆవుని వదిలి రానని వరదలో ఏటి మధ్య లంకలో చిక్కుపడిపోయింది. పట్టపగలే చీకటి. బురద వాసన, కుళ్ళిన కొబ్బరి డొక్కల వాసన. "నీళ్ళు అరుగెక్కేయండీ" అంది ఫోన్లో.

రేవు షెడ్డులో వీరదుర్గ ఒక్కో పేరే నొక్కుతోంది. జవాబు లేదు. జవాబు లేదు.

వీరన్న పేరు ఒక్కటే మిగిలింది. పోయిన వరదలో పడవతో సహా గోదాట్లో కలిసిపోయేడు. శవం దొరకని పడవవాడి పేరు తియ్యకూడదని మా రేవు కట్టుబాటు. అందుకే పేజీలోనూ ఉంచేసింది.

"నొక్కమ్మా."

"వద్దు బాబాయ్... ఆ ఫోను ఆయనతోనే పోయింది."

"మీ పిన్ని మునిగిపోతోందే!"

నేనే నొక్కేను.

అడిగింది... మళ్ళీ అడిగింది... మళ్ళీ...

వాన ఠక్కున ఆగింది. కప్పలు కూడా.

తెరమీద ఒక్క మాట. ఆయ్.

"బాబాయ్," గొణిగింది పిల్ల, "'వస్తున్నా', 'రాలేను'... పడవవాళ్ళకి జవాబులు ఆ రెండే పెట్టేను. ఇది నేను పెట్టింది కాదు."

ఏటిమీద తెడ్డు చప్పుడు. పడవ లేదు. చప్పుడొక్కటే... లంకకి వెళ్ళింది... వచ్చింది... మా ముందునుంచే, ఆగకుండా, పోయింది.

ఫోను మోగింది.

"దిగేనండీ." కామేశ్వరి గొంతు. హాయిగా ఉంది. "వీరన్న ఆవుని కూడా ఎక్కించేడు."

"ఎక్కడ దిగేవే?"

"మన రేవులోనే. ఎంత జనమో... అందరూ తడిసిపోయి... మీరు కనబడరేం?"

రేవులో ఉన్నది మేమిద్దరమే.

"కామేశ్వరీ, అక్కణ్ణుంచి వచ్చెయ్యి..."

"భయమెందుకండీ? ఇదిగో, వీరదుర్గ చెయ్యి పట్టుకునే ఉన్నాను."

పక్కకి తిరిగేను. షెడ్డులో చుక్క కారట్లేదు. పిల్ల నోరు తెరుచుకుని తన కుడిచేతికేసే చూస్తోంది. మణికట్టునుంచి నీళ్ళు ధార కడుతున్నాయి.