మధ్యాహ్నం ఆరని దీపాలు

డా నాంగ్ రేవు దగ్గర, నూడుల్స్ కొట్టు పైగదిలో ప్రైవేట్ డిటెక్టివ్ లూయెన్ పొద్దుటి కాఫీ తాగుతుండగా ఒక అమ్మాయి కంగారుగా లోపలికి వచ్చింది. పేరు దావ్. ఒక సరకు రవాణా కంపెనీలో రిసెప్షనిస్టు.

"అక్కా, ఈ సాయంత్రం నన్ను ఉద్యోగంలోంచి తీసేస్తారట. దొంగ అన్న పేరుతో బయటికొస్తే ఈ ఊళ్లో నాకింకెవరు పనిస్తారు?"

నెలరోజులుగా ఇంటర్వ్యూకి వచ్చినవాళ్లు ఆమెతో రెండు మాటలు మాట్లాడి, మొహం మాడ్చుకుని వెళ్లిపోతున్నారు. సీసీ కెమెరాలో మొహాలే తప్ప మాటలు వినిపించవు. పోటీ కంపెనీ దగ్గర డబ్బు తిని దావే వాళ్ల మనసు విరిచేస్తోందని డైరెక్టర్ తిన్ తేల్చేశాడు.

"వాళ్లకి నువ్వేం చెబుతావు?"

"అంతా మంచే అక్కా. జీతం వేళకి పడుతుందని, మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆఫీసులోనే దీపాలార్పి కాసేపు హాయిగా పడుకోవచ్చని. నా వెనక కంపెనీ వీడియో పొద్దస్తమానం మోగుతూంటుంది. ఆ పాట వినలేక చస్తున్నాను గానీ, పని మాత్రం మంచిదే."

"ఇంత మంచి చెబితే ఎవరైనా పారిపోతారా? ఈవిడే ఏదో దాస్తోంది," అని అసిస్టెంట్ ఖాంగ్ గురువుగారి చెవిలో గొణిగాడు.

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది. పద, పారిపోయినవాళ్లనే అడుగుదాం."

వాళ్లలో కీమ్ అనే అమ్మాయి వంతెన పక్కన టీ కొట్లో దొరికింది.

"దావ్ నీకు కంపెనీ గురించి చెడుగా చెప్పిందా?" అడిగింది లూయెన్.

"చెడా? అన్నీ తియ్యటి అబద్ధాలే! నా కళ్లెదురుగానే అబద్ధమాడింది. అలాంటి చోట జీతం మాట మాత్రం నమ్మమంటారా?" అని కీమ్ లేచి వెళ్లిపోయింది.

ఇద్దరూ కంపెనీకి చేరేసరికి భోజనాలైపోయి ఆఫీసంతా చీకటిగా ఉంది. బల్లల కింద చాపలేసుకుని అందరూ గాఢనిద్రలో ఉన్నారు. ఖాంగ్ ఎవరి కాలో తొక్కి తిట్లు తిన్నాడు. తలుపు వెనక డైరెక్టర్‌గారి గురక వినిపిస్తోంది. దావ్ కుర్చీ వెనక గోడ మీద మాత్రం పెద్ద తెర వెలుగుతోంది. లూయెన్ కుర్చీకి ఎదురుగా, అభ్యర్థులు నిలబడే చోట నిలబడి, ఆ వీడియోను ఓపిగ్గా చివరిదాకా చూసింది.

దీపాలు వెలిగాక అందరినీ హాల్లోకి పిలిపించి, ముందుగా సీసీ కెమెరా దృశ్యాలు వేయించింది.

"చూడండి. దావ్ మాట్లాడుతున్నంతసేపూ ప్రతివాళ్లూ నవ్వుతూనే ఉన్నారు. ఆమె తల మీదుగా వెనక గోడ వైపు చూశాకే మొహాలు మారాయి. అక్కడున్నది మీ వీడియో. తిన్ గారూ, అందులో గోడ గడియారం ఎంత చూపిస్తోంది?"

తిన్ కళ్లు చికిలించాడు. "పన్నెండున్నర."

"ఆ వేళప్పుడు మీరేం చేస్తుంటారు?"

హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు.

"వీడియోలో దీపాలన్నీ వెలుగుతున్నాయి, అందరూ పనిచేస్తున్నారు. దావ్ పడుకోవచ్చంటోంది. వచ్చినవాళ్లు తమ కళ్లను నమ్మారు. ఇంత చిన్న విషయంలోనే అబద్ధమాడేవాళ్లు రేపు జీతం దగ్గరేం చేస్తారోనని జడుసుకున్నారు. అబద్ధం దావ్‌ది కాదు, వీడియోది. ఆ వీడియో తీసిన రోజు వీళ్లందర్నీ నిద్రలేపిందెవరు?"

తిన్ తల దించుకున్నాడు. "నేనేనండీ. పడుకున్నవాళ్లను చూపిస్తే సోమరిపోతుల కంపెనీ అనుకుంటారని..."

"ఉన్న మంచిని దాచుకుని, నిజం చెప్పిన పిల్లను దొంగను చేశారు."

దావ్ ఏడ్చేసింది. తిన్ అందరి ముందూ ఆమెను క్షమించమని అడిగాడు. ఖాంగ్ కూడా పనిలో పనిగా ఒక క్షమాపణ గొణిగాడు. వీడియో ఆగిపోయింది.

లూయెన్ కబురు పంపితే మర్నాడు కీమ్ మళ్లీ కంపెనీకి వచ్చింది. అప్పటికి మధ్యాహ్నమైంది. హాలు చీకటిగా ఉంది. దావ్ బల్ల మీద తల వాల్చి నిద్రపోతోంది. కీమ్ ఆమెను లేపలేదు. చప్పుడు కాకుండా ఎదురు కుర్చీలో కూర్చుని, దీపాలు వెలిగేదాకా ఆగింది.