నోరు కుట్టిన మూట

సోలాపూర్ల కుమఠా నాకా కాడ మా మగ్గాల కార్ఖానా, పక్కనే గోడౌన్. మీసం మొలిచిన కాడి నుంచి అక్కడ చద్దర్ల మూటలు కుట్టేది నేనే. గోనెపట్ట, దబ్బణం, పురికోస. ఎంత గట్టిగ కుట్టినా ఒక మూలకు బెత్తెడు నోరు విడుస్త. నాయన చెప్పిండు: "నేసిన బట్టకు ఊపిరాడాలె. మూసిపెడితే ఇంకొకరి ఊపిరి అడుగుతది."

ఆసారి కుట్టే మూట సముద్రంల ఒక దీవికి పోవాలె. అక్కడ ఏదీ పండదు, ఎవరూ నేయరు. బియ్యం, ఉల్లిగడ్డ, సిమెంటు, చద్దరు, ఏదైనా సరుకు బోటు మీదనే పోవాలె. వానలు మొదలైతే సముద్రం మూసుకుంటది, దసరా దాక బోటు లేదు. మూట ఇచ్చి గిరాకీని చూసొస్తనని ఆఖరి బోటుకు నా తమ్ముడు గంగాధర్ బయల్దేరిండు.

"నోరెందుకన్నా? ఉప్పునీళ్లు పోతయ్. మొత్తం కుట్టెయ్."

"నాయన మాట..."

"నాయన సముద్రం చూసిండా?" అని పనోళ్ల ముందల నవ్విండు.

ఆ నవ్వు నేను మర్చిపోలే. కుట్టేసిన. నోరు లేకుంట.

దీవికి రేవు లేదంట. పెద్ద బోటు దూరంగ ఆగుతది, చిన్న పడవలల్ల సరుకు దించుతరు. గంగాధర్ ముందుగాల దిగి ఒడ్డుకు చేరిండు. అంతల అలలు లేచినయ్. మిగిలిన సరుకుతోని బోటు మళ్లింది. తమ్ముడు అక్కడ చిక్కుకున్నడు. ఫోన్ కలువలే. మనిషి క్షేమమని బోటోళ్లు కబురు పెట్టినంక నా కోపం మల్ల నాకొచ్చింది.

మూట మాత్రం సోలాపూర్ తిరిగొచ్చింది.

మధ్యాహ్నం. జల్లు కొడుతుందని షట్టర్ దించుకొని, మూట విప్పుదామని కూసున్న. కరెంటు పోయింది. ఖట్‌ఖట్‌మనే మగ్గాలన్నీ ఒక్కసారే ఆగినయ్. చెవులు గుయ్యిమన్నయ్. అప్పుడు వినబడ్డది.

ఊపిరి.

నాది కాదు...

గోనెపట్ట లేస్తుంది. దిగుతుంది. తడి ఉప్పు వాసన, కుళ్లిన చేప వాసన. షట్టర్ కాడికి ఉరికిన. కదల్లే. భుజం పెట్టి ఎత్తిన. కదల్లే. "రూపాలీ!" అని కోడల్ని పిలిచిన. వాన మింగేసింది. గాలి బరువైంది... రొమ్ము పట్టేసింది...

జేబుల ఫోన్ వణికింది. ఎవరి నంబరుకు వాళ్ల ఫొటో పెట్టిచ్చింది కోడలు. గంగాధర్ ఫొటో.

"తమ్మీ! యాడున్నవ్‌రా?"

"చీకట్ల..." గుసగుస. "కొత్త చద్దర్ల వాసనన్నా... ఊపిరాడ్తలేదు... నోరిప్పు."

ఆ మాట ఫోన్ల ఒకసారి వినబడ్డది. మూటల ఒకసారి.

చీకట్ల తడుముకుంట కుట్టు కోసిన. చద్దర్లు. వాటి నడుమ ఒక గుంత, మనిషి మోకాళ్లు ముడుచుకొని కూసునేటంత. చెయ్యి పెట్టిన. వెచ్చగ ఉంది. ఎవరూ లేరు.

కరెంటొచ్చింది. రూపాలి షట్టర్ ఎత్తింది. నాకు కదల్లేదని చెప్పిన. "ఏంది మామా, ఒంటి చేత్తో లేచె! గింత బలం తగ్గిందా?"



దసరాకు మొదటి బోటుల గంగాధర్ ఒచ్చిండు. బక్కగైండు. జొన్నరొట్టె, పల్లీల చట్నీ పెట్టుకొని ఎదురెదురుగ కూసున్నం.

"ఆనాడు ఫోన్ ఎట్ల కలిసిందిరా?"

"ఏ ఫోనన్నా? పడవల దిగేటప్పుడే సముద్రంల పడిపాయె."

నా జేబు వణికింది. తీసి చూసిన.

గంగాధర్ ఫొటో.

ఎదురుంగ కూసున్నోడు నమిలేది ఆపిండు. తలెత్తలే.

"ఫోన్ ఎత్తకన్నా," అన్నడు మెల్లగ. "నేనొచ్చిన బోటుల మా ఇద్దర్ల ఒక్కనికే జాగ ఉండె."