పెరటి మెరక

పొద్దున్న ఏడింటికి సూర్యావతి బియ్యం కడిగిన నీళ్ళు కరివేపాకు మొదట్లో పోస్తోంది. నాలుగు రోజుల కిందటి వాననీరు పెరట్లో ఇంకా చీలమండ లోతున నిలబడే ఉంది. బట్టలుతికే బండ చుట్టూ పచ్చగా పాకుడు. ఆ పాకుడు మీదే కోడలు సాయిదుర్గ పోయిన వారం జారిపడి ఎడమ మణికట్టు విరగ్గొట్టుకుంది. అంతవరకూ ఆ ఇంట్లో మగాళ్ళిద్దరికీ పెరడనేది ఒకటుందనే గుర్తు లేదు. వరండా టైల్సూ గేటు రంగూ వచ్చేపోయే పెద్దమనుషులు చూస్తారు. వెనక బురదలో కాలు పెట్టేది ఆడవాళ్ళు. కనక అది ఎవరికీ కనపడదు.

చెయ్యి విరిగాక మాత్రం కొడుకు నాగసతీష్‌కి ఎక్కడలేని హుషారొచ్చింది. ఫోనులో వీడియోలు చూసేడు. పెరడంతా రెండడుగులు మెరక చేయించి, పైన సిమెంటు దిమ్మలు పరిపిస్తానన్నాడు. ఆ మాట సాయిదుర్గ తండ్రి పోలిరాజు చెవిన పడింది. ఆయనకి సఖినేటిపల్లి దిగువన రొయ్యల చెరువులున్నాయి. "నా కూతురు పడ్డ చోటుకి మట్టి నేనే తోలిస్తాను" అన్నాడు.

ఆ మట్టి ఇవాళే వచ్చింది. పక్క సందులో టిప్పరు వెనక్కి వస్తున్న కూత విని, సూర్యావతి గిన్నె అక్కడే పెట్టి వెళ్ళింది. బండి వెనక తలుపు సందులోంచి చిటికెడు మట్టి తీసి నాలిక మీద వేసుకుంది. మట్టి తోలించేముందు రుచి చూడ్డం ఆవిడ పుట్టింటి అలవాటు. వాళ్ళ నాన్న గోదారి లంకమట్టి కూడా అలాగే చూసేవాడు. మరుక్షణం తుపుక్కున ఉమ్మేసింది.

"దింపకు గంగబాబూ. ఉప్పు మట్టి."

డ్రైవరు గంగబాబు కిటికీలోంచి తల బయటపెట్టేడు. "ఆయ్, రొయ్యల చెరువు మట్టి కదండీ. తియ్యగా ఎలాగుంటుందండీ మరి?"

"అమ్మా, పొద్దున్నే మొదలెట్టకు," అన్నాడు నాగసతీష్. "పైన దిమ్మలేసేస్తాం. కింద ఉప్పుంటే ఏంటి, కారముంటే ఏంటి?"

"చెట్ల వేళ్ళు నీ దిమ్మల మీదుంటాయట్రా? కొబ్బరంటే ఓర్చుకుంటుంది. పనసా, అరటీ, కరివేపాకూ ఏడాది తిరక్కుండా మాడిపోతాయి. ఆనక బావి నీళ్ళూ ఉప్పెక్కుతాయి. అప్పుడు నీ వీడియోలు తాగుతావా?"

అక్కడితో ఆగితే ఆవిడదే న్యాయం. ఆగలేదు.

"అయినా ఆ ఉప్పు మనుషులకి మంచి మట్టేదో చెడ్డ మట్టేదో ఏం తెలుస్తుంది? ఎక్కడి వాసన అక్కడే ఉండాలి. ఇంట్లోకి తెచ్చుకుంటే ఇలాగే ఉంటుంది."

గోడ అవతల పళ్ళు తోముకుంటున్న పక్కింటి రత్నమాల చెయ్యి ఆగిపోయింది. సూర్యావతి వెనక సాయిదుర్గ చేతికట్టుతో నిలబడి ఉంది.

నాగసతీష్‌వాళ్ళకి కొబ్బరి తోటలున్నాయి. సాయిదుర్గవాళ్ళు వలలేసి, పడవలు నడిపి, ఆనక చెరువులకెక్కినవాళ్ళు. కులాలు వేరు. ఇష్టపడి పెళ్ళి చేసుకుని మూడేళ్ళయింది. ఈ మూడేళ్ళూ ఇంట్లో ఎవరూ పైకి ఒక్క మాట అనలేదు. అనకపోవడాన్నే అందరూ ఒప్పుకోవడం అనుకున్నారు.

"ఉమ్మేసేరు కదండీ అత్తయ్యగారూ," అంది సాయిదుర్గ. "మా నాన్న పంపింది నోట్లో పెట్టుకుని మరీ ఉమ్మేసేరు."

"నేను ఉమ్మింది మట్టిని. మీ నాన్నని కాదు."

"మరి వాసనన్నారు, అదెవరికండీ? మట్టికా?"

సూర్యావతి కొంగు సర్దుకుంది.

మావగారు తాతబ్బాయి పేపరు పట్టుకునే పరిగెత్తుకొచ్చేరు. "సందులో ఏంటమ్మా ఈ గొడవ? నలుగురూ వింటున్నారు. లోపల మాట్లాడుకుందాం, రండి."

"అన్నది సందులోనే కదండీ మావయ్యగారూ. తేలేదీ ఇక్కడే. మూడేళ్ళనుంచీ లోపలే ఉన్నాను. లోపల ఏమీ తేల్లేదు." భర్త వైపు తిరిగింది. "మీరేమంటారు?"

నాగసతీష్ టిప్పరు చక్రం వైపు చూసేడు. "అమ్మేదో నోరు జారింది దుర్గా. ఇప్పుడు పట్టుకుని కూర్చోకు."

"నేను జారితే చెయ్యి విరిగిందండీ. ఆవిడ జారితే ఎవరికేం విరిగిందో మీకు కనపడదు." ఆమె బండి దగ్గరికి నడిచింది. "ఉప్పెక్కడుందో నేనూ చూస్తాను."

కుడిచేత్తో మట్టిపెల్ల విరిచి నోట్లో వేసుకుంది. అత్తగారిని అబద్ధాలకోరని నిరూపించాలన్న కసి ఆ వేళ్ళలో ఉంది. కానీ నాలిక మీద పడగానే తెలిసిపోయింది. చెరువుగట్ల మీద ఆడి బోర్లాపడ్డప్పుడల్లా నోట్లోకి పోయిన రుచే అది. అందరూ ఆమె మొహమే చూస్తున్నారు. లేదు, మంచి మట్టే అంటే చాలు. తండ్రి పరువు ఆ ఒక్క మాటలో ఉంది.

సాయిదుర్గ ఉమ్మలేదు. మింగేసింది.

"ఉప్పేనండి," అంది. "మట్టి గురించి అత్తయ్యగారన్నది నిజం. ఇది లోపలికి రాకూడదు. మనుషుల గురించి అన్నది అబద్ధం. అది మా నాన్నతో మీ నోటితో మీరే చెప్పాలి. అప్పటిదాకా నేనీ గడప లోపలికి రాను."

సందు తలుపు బయట అరుగు మీద కూర్చుంది. నాగసతీష్ బతిమాలేడు, కోప్పడ్డాడు, మళ్ళీ బతిమాలేడు. కదల్లేదు. సూర్యావతి వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి వెలిగించి, ఏం వండాలో తోచక ఆర్పేసింది.

మట్టి పరిచేటప్పుడు దగ్గరుందామని పోలిరాజు మోటార్ సైకిల్ మీద తొమ్మిదింటికొచ్చేడు. అరుగు మీద కూతుర్నీ, దింపని బండినీ చూసి మొహం మాడిపోయింది.

"మట్టి ఉప్పంటండి," అన్నాడు గంగబాబు, తల గోక్కుంటూ.

పోలిరాజు తాతబ్బాయి వైపు తిరిగి నెత్తి కొట్టుకున్నాడు. "నా బుర్ర తగలెయ్యా! మా వైపు మట్టంటే గట్టు కోసమే బావగారూ. గట్టు మీద చెట్టుండదు కదా, చెట్టు మాటే తట్టలేదు. తిప్పు గంగబాబూ, తిప్పేయ్." కూతురి వైపు చూసేడు. "దీనికే అలిగేవా?"

సాయిదుర్గ తల అడ్డంగా ఊపింది. ఆయన లుంగీ ఎగ్గట్టి పెరట్లోకి దిగేడు. నీళ్ళలో నాలుగు మూలలా నడిచి, కాలితో లోతు చూసి, వెనక ప్రహరీ దగ్గర ఆగేడు.

"బావగారూ, ఈ గోడకి తూమేదండీ?"

"తూమేంటండీ?" అన్నారు తాతబ్బాయి.

"నీళ్ళు పోయే కన్నం. అవతల బోదె కాలవ ఉంది చూడండి. వాననీళ్ళన్నీ దాన్లోకి పోయేవి. గోడ కట్టి దారి మూసేసేరు."

అందరూ నాగసతీష్‌ని చూసేరు. నిరుడు గోడ కట్టించింది అతనే.

"మెరకెందుకండీ? రెండడుగులు లేపితే ఇక్కడ నీళ్ళు పక్క రత్నమాలగారింట్లో తేలతాయి. కన్నం కొట్టి, గోడ వారన ఇక్కడిదాకా చిన్న బోదె తీస్తే చాలు. బోదె పక్కన అరటీ కందా వేస్తే, మిగిలిన తడి అవే తాగేస్తాయి. నడిచే దారిలో ఇసక పోసి, సందులొదిలి ఇటుకలు పరవండి. సిమెంటు వద్దు. పాకుడు పట్టేది దాని మీదే."

చెరువులో నీరు ఎటు నడుస్తుందో చూసి బతికే మనిషి. నలభై ఏళ్ళ చదువు అది.

సూర్యావతి కాఫీ గ్లాసు తెచ్చి పెరటి గుమ్మంలో నిలబడింది. కాఫీ ఇచ్చేస్తే సరిపోతుందేమోనని ఆశ. సందులోంచి సాయిదుర్గ ఆవిడనే చూస్తోంది. కాఫీ చల్లారింది.

చివరికి గ్లాసు మెట్టు మీద పెట్టి, నీళ్ళలోకి దిగింది.

"నేనొక మాటన్నానండీ. మట్టిని కాదు, మిమ్మల్ని. ఉప్పు మనుషులన్నాను. వాసనన్నాను. మీ అమ్మాయి మనసు విరిగింది. ఇవాళ పుట్టిన మాట కాదది. మూడేళ్ళనుంచీ కడుపులో పెట్టుకునే ఉన్నాను. తప్పు నాదండీ. నన్ను..."

ఏడ్చేసింది. గోడ అవతల రత్నమాల ఉందని తెలిసే ఏడ్చింది. సాయిదుర్గ అరుగు మీంచి లేచి గడప దాకా వచ్చింది.

ఆ మాట పోలిరాజుకి తగిలిందని దవడ చూస్తేనే తెలుస్తోంది. అయినా ఆయన ఎగ్గట్టిన లుంగీ బిగించుకున్నాడు.

"మాట బావుండలేదు చెల్లెమ్మా. లేదని అబద్ధమాడను. కానీ వానొచ్చేలా ఉంది. నా కూతురు మళ్ళీ పడకూడదు. ముందా స్నానాలగది నీళ్ళెటు పోతున్నాయో చూపించు."

సూర్యావతి కొంగుతో మొహం తుడుచుకుంది. చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని ఆయనకి ముందు నడిచింది. గడప ఇవతలికొచ్చిన సాయిదుర్గ గోడకి చేరేసి ఉన్న పార అందుకుంది.

"ఒంటిచేత్తో నువ్వేం తవ్వుతావే? ఇలా తే!" అని కసిరింది సూర్యావతి.