మూడు దీవులు, ఒక మూత

"పచ్చడి సీసా పార్సిల్లో పెట్టొచ్చా?"

"సీల్ ఉంటే పెట్టొచ్చు. నూనె కారితే బాధ్యత మీదే."

కోడ్ సరిపోయింది. మిర్కాబ్‌లోని కార్గో ఆఫీసు షట్టర్ సగానికి దిగింది. శుక్రవారం ఉదయం ఏడున్నర.

షట్టర్ దించిన మనిషిని, ఊళ్లకు పంపే పెట్టెలకు టేపు వేసే ఈశ్వరయ్యగా కువైట్‌లో కనీసం వెయ్యిమంది ఎరుగుదురు. భారత గూఢచారి శాఖ తరఫున ఇక్కడి పనులన్నీ నడిపేది అతనేనని ఎరిగినవాళ్లు నలుగురే. ఆ నలుగురిలో ఒకామె ఇప్పుడు పనిమనిషి యూనిఫాంలో, తలకు స్కార్ఫ్ చుట్టుకుని అతని ఎదురుగా నిలబడి ఉంది. పేరు అరుణజ్యోతి. వయసు ముప్పై నాలుగు. ఎనిమిది నెలలుగా సాల్మియాలో ఉమ్ ఖాలిద్ అనే పెద్దావిడ ఇంట్లో గిన్నెలు తోముతోంది. కళ్లకు గంతలు కట్టినా పిస్టల్ విప్పి మళ్లీ బిగించగలదు. ఈత మాత్రం రాదు. పుట్టింది రాయచోటిలో, అక్కడ నీళ్లంటే ట్యాంకరు చుట్టూ బిందెలే. శిక్షణలో ఈత పరీక్ష రోజున ఆమెకు జ్వరం వచ్చింది. మరుసటి ఏడాది పరీక్షకూ జ్వరమే వచ్చింది.

"ఫోటో చూడు," అన్నాడు ఈశ్వరయ్య. "చిన్నరాజం. జగిత్యాల దగ్గర పల్లె. ఓడల అడుగున నాచు గీకే డైవర్."

"మన ఏజెంటా సర్?"

"మనవాడు కాదు. ఎవరివాడూ కాదు. అదే వచ్చిన చిక్కు."

ఈశ్వరయ్య రెండు ముక్కల్లో చెప్పేశాడు. సముద్రం అడుగున పోయే కేబుల్ మీద ఒక విదేశీ ముఠా మన సంభాషణలు వినే పరికరం బిగించింది. ఫైళ్లలో ఆ ముఠా పేరు నార్త్‌విండ్. చిన్నరాజం దాన్ని తుక్కు అనుకుని పీకి పైకి తెచ్చి, సూపర్‌వైజర్ చేతిలో పెట్టాడు. ఆ కబురు ముఠాకు చేరింది. నాచు గీకేవాడు ఆ పరికరాన్ని కనిపెట్టడమేమిటి, వీడు పెద్ద గూఢచారి అయి ఉండాలి అని వాళ్లు తేల్చుకున్నారు. బుధవారం ఎత్తుకుపోయారు.

"ఈ మధ్యాహ్నం మూడింటికి సముద్ర సరిహద్దు అవతల ఒక ఓడ ఆగుతుంది. అందులోకి ఎక్కించి ప్రశ్నిస్తారు. అతని దగ్గర జవాబుల్లేవు. లేవంటే వాళ్లు నమ్మరు. ఆ తర్వాత ఏమవుతుందో నీకు నేను చెప్పక్కర్లేదు."

అరుణ ఫోటోలోని ముఖాన్ని మరోసారి చూసింది.

"ఎల్లుండి అతనికి టికెట్ ఉంది," అన్నాడు ఈశ్వరయ్య గొంతు తగ్గించి. "ఐదేళ్లకు ఇంటికి పోతున్నాడు."

"ఎక్కడ ఉంచారు?"

"దక్షిణాన మూడు దీవులు. కుబ్బర్, కారూ, ఉమ్ అల్ మరాదిమ్. శుక్రవారం కదా, వాటి చుట్టూ రెండొందల బోట్లుంటాయి. కారూ దగ్గర నీలం స్పీడ్‌బోటులో ఉన్నాడని ఫరీదా కబురు."

ఫరీదాకు సాల్మియాలో బ్యూటీ సెలూన్ ఉంది. పెద్దింటి ఆడవాళ్ల రహస్యాలన్నీ ఆమె కుర్చీలోనే బయటపడతాయి. చూస్తే కళ్లు తిప్పుకోలేని మనిషి. రెండేళ్లుగా ఈశ్వరయ్యకు వార్తలు అందిస్తోంది.

"కోస్ట్ గార్డ్?"

"దూరం నుంచి యూనిఫాం కనబడితే చాలు, అతని నడుముకు బరువు కట్టి తోసేస్తారు. ముందు మనిషిని దించు. తర్వాత ఇది నొక్కు." తల క్లిప్పు ఒకటి ఆమె అరచేతిలో పెట్టాడు. "కోస్ట్ గార్డ్ వాళ్లు దగ్గర్లోనే ఉంటారు. పది నిమిషాల్లో వస్తారు."

"మరి నాకు బోటు?"

"అద్దె బోట్ల రేవుల మీద వాళ్ల కళ్లున్నాయి. ఎవరిదో ఒకటి ఎక్కు."

"సముద్రం మీద లిఫ్టు అడగమంటారా సర్?"

"రోడ్డు మీద జనం అడగట్లేదా?" అని, ఈశ్వరయ్య ఆమె చెవిలో ఇంకొక మాట చెప్పాడు. చిన్నరాజం భార్య వనిత ఫోన్‌లో చెప్పిన మాట అది. అది వింటే తప్ప అతను ఎవరినీ నమ్మడట.

*

మొదటి లిఫ్టు అడక్కుండానే దొరికింది. శుక్రవారం వస్తే ఉమ్ ఖాలిద్ కుటుంబమంతా సొంత బోటులో కుబ్బర్ దీవికి పోతుంది, వెంట పనిమనిషీ పోతుంది. అందరూ నీళ్లలో ఆడుకుంటే అరుణ బోటులో మచ్‌బూస్ వండాలి. మాంసం, మసాలా దట్టించిన అన్నం. పక్కన దక్కూస్ అనే టమాటా పచ్చడి. అందులో మామాకు, అంటే ఇంటి యజమానురాలికి, తెలియకుండా అరుణ రాయచోటి కారం కలుపుతుంది. ఘాటు ఎక్కడిదో తెలియక అందరూ మెచ్చుకుంటారు.

ఉమ్ ఖాలిద్‌కు ఒక పట్టింపు ఉంది. తన వాళ్లు ముద్ద ముట్టే ముందు చుట్టుపక్కల బోట్లకు పళ్లేలు పోవాలి. నడుము లోతు నీళ్లలో పళ్లెం తల మీద పెట్టుకుని అరుణ ఒక్కో బోటుకూ ఇచ్చి వచ్చింది. లోతులో నిలిచిన తెల్లటి యాట్ దగ్గరికి మాత్రం ఉమ్ ఖాలిద్ కొడుకు రబ్బరు పడవలో తీసుకెళ్లాడు. యాట్ మీద పాదాల దాకా తెల్లని దిష్‌దాషా అంగీ వేసుకున్న మనిషి చక్కటి అరబ్బీలో పలకరించి, అన్నం, దక్కూస్ ఉన్న పళ్లెం మూతతో సహా లోపలికి తీసుకుపోయాడు. మూడు నిమిషాల్లో తెచ్చి ఇచ్చాడు.

పళ్లెం కడిగి ఉంది. ఖాళీగా ఉంది.

ఉమ్ ఖాలిద్ పళ్లాన్ని అటూ ఇటూ తిప్పి చూసి మండిపడింది. "యా అరూనా! నలభై ఏళ్లలో నా పళ్లెం ఖాళీగా తిరిగి రాలేదు. ఒక్క ఖర్జూరమైనా వెయ్యలేదా? వీళ్లసలు కువైటీలేనా?"

అరుణ పళ్లెం అందుకుని తనూ తిప్పి చూసింది. రాయచోటిలో కూడా పక్కింటి గిన్నె ఉత్తగా ఇవ్వరు. ఏమీ లేకపోతే చెంచాడు చక్కెరైనా వేస్తారు. దుస్తులు కొనుక్కోవచ్చు, భాష నేర్చుకోవచ్చు. ఈ సంగతి మాత్రం ఏ శిక్షణలోనూ చెప్పరు, ఇంట్లో అమ్మ చెప్పాలి. ఆ యాట్‌లో ఉన్నది వేషం వేసిన మనుషులు.

ఆమె తల తిప్పేసరికి యాట్ లంగరు ఎత్తి దక్షిణానికి తిరుగుతోంది. ఫరీదా చెప్పింది కారూలో నీలం బోటు. పళ్లెం చెబుతోంది తెల్ల యాట్. రెండింటిలో ఒకటి అబద్ధం. అప్పటికి టైము పదకొండు. తప్పు దారి పట్టిందంటే ఒక మనిషి ప్రాణం పోతుంది. ఫరీదా మాట పక్కన పెట్టి ఆమె పళ్లాన్నే నమ్మింది.

"మామా, వాళ్లు మూత ఇవ్వలేదు. పోయి తెస్తాను."

"ఖలాస్, వదిలెయ్."

"మీ అత్తగారు ఇచ్చిన సెట్టు కదా మామా."

ఉమ్ ఖాలిద్ ముఖం రంగు మారింది. "యల్లా! వెళ్లు! మూత లేకుండా రాకు!"

కొడుకు అప్పటికే గొడుగు కింద గురక పెడుతున్నాడు. సముద్రం మీద దారి వెతుక్కోవడం అరుణ పనే అయింది.

*

యాట్ పోయిన దారిలో ముందు వచ్చేది కారూ. చేపల లాంచీ ఒకటి అటుగా వచ్చింది. దాని మీద చుట్ట కాలుస్తున్న మనిషిని చూడగానే అరుణ చెయ్యి ఊపింది. ముఖం చూసి కడప జిల్లా అని పోల్చుకోవడం ఆమెకు కొత్త కాదు.

"అన్నా, కారూ దిక్కు పోతాండారా?"

"పోతాండాం. నీకేం పనిమ్మే ఆడ?" అన్నాడు హుస్సేన్ వలి.

"మా మామా గిన్నె మూత ఎవురో ఎత్తుకోని పోయినారన్నా. అది లేకుండా పోతే నన్ను బతకనీదు."

హుస్సేన్ వలి చుట్ట నోట్లోంచి తీశాడు. "మూత కోసరం సముద్రమంతా తిరగల్లా? నీకు పని ఇచ్చిన కఫీల్ ఇంట్లో ఉండేది మనుషులేనా? ఎక్కమ్మా, ఎక్కు."

గంటన్నర ప్రయాణం. ఐసు పెట్టెల మధ్య కూర్చుని అరుణ నీళ్లు చూడకుండా గడియారమే చూసింది. హుస్సేన్ వలి తాను చూసిన మామాలందరి కథలూ చెప్పాడు. మధ్యాహ్నం ఉమ్ అల్ మరాదిమ్ అవతల చేపల బుట్టలు ఎత్తాల్సిన పని ఉందని కూడా చెప్పాడు. ముందు కారూలో ఐసు దించాలట.

కారూ చేరేసరికి పన్నెండున్నర. నీలం బోటు ఉంది. అందులో ఒక తాతగారు ముఖం మీద పేపరు కప్పుకుని నిద్రపోతున్నారు, మనవలు చేపలు కాలుస్తున్నారు. అంటే ఫరీదా చెప్పింది అబద్ధమే. రెండేళ్లుగా ఆమె రెండు చేతులా వార్తలు అమ్ముకుంటోందన్నమాట. అరుణకు ఒళ్లు మండింది.

అక్కడి నుంచి మాత్రం లిఫ్టు దొరకలేదు. ఒకరు ఇంటికి పోతున్నారు, ఇంకొకరి ఇంజను చెడింది, మరొకరు పనిమనిషి ఒక్కతే ఎక్కితే తంటా అన్నారు. ఒంటిగంట అయింది. ఒకటిన్నర దాటింది. ఇసుక దిబ్బ లాంటి ఆ దీవి మీద ఇటు నుంచి అటు నడవడానికి ఐదు నిమిషాలు కూడా పట్టదు. అరుణ దాన్ని ఎనిమిది సార్లు నడిచింది.

చివరికి ముగ్గురు కువైటీ కుర్రాళ్లు స్పీడ్‌బోటు ఆపారు. మూత సంగతి విని పొట్టలు పట్టుకుని నవ్వారు. "తెల్ల యాటా? ఉమ్ అల్ మరాదిమ్ దగ్గర లంగరేసింది. ఎక్కు ఖాలా!" ఒకడు ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టాడు. అరుణ సిగ్గుపడుతున్నట్టు స్కార్ఫ్ ముఖానికి అడ్డం లాక్కుంది. గూఢచారి అయినవాళ్లకు ఆ సిగ్గు తప్పనిసరి.

*

రెండు ఇరవైకి ఆమె యాట్ మెట్లెక్కింది. కుర్రాళ్లు చెయ్యి ఊపి వెళ్లిపోయారు. పైన చొక్కాల కింద తుపాకులు ఉబ్బి కనబడుతున్న ముగ్గురు మగవాళ్లు కనిపించారు.

దిష్‌దాషా మనిషి నివ్వెరపోయాడు. "నువ్వా? ఇక్కడికెలా వచ్చావు?"

"మూత, సర్. మామా కొడుతుంది." ఆమె కళ్లలో నీళ్లు తెచ్చుకుంది.

అతను విసుక్కున్నాడు. ఏడ్చే పనిమనిషిని నీళ్లలోకి తోస్తే, ఇంకా కనుచూపు మేరలోనే ఉన్న ఆ కుర్రాళ్లు చూస్తారు. "కింద కిచెన్‌లో ఉంది. తీసుకుని పైకి రా."

కిచెన్ గట్టు మీద ఉమ్ ఖాలిద్ మచ్‌బూస్ వేరే పళ్లెంలో ముట్టకుండా అలాగే ఉంది. పక్కన ఇంకో గిన్నెలో దక్కూస్. దాని పక్కనే మూత. ఎదురుగా బయటి నుంచి గడియ వేసిన తలుపు. అరుణ కత్తి తీసుకుని గడియ లాగింది.

మూలన చేతులు కట్టేసి, పెదవి పగిలి, చిన్నరాజం కూర్చుని ఉన్నాడు. ఆమెను చూసి వెనక్కి జరిగాడు.

"నాకేం ఎర్కలేదు. వెయ్యిసార్ల జెప్పిన. అది తుక్కనుకున్న."

"నీ భార్య పంపింది. లే."

"గట్లనే అంటరు. నిన్నొకామె గూడ గదే అన్నది."

అరుణ అతని చేతుల కట్లు కోస్తూ చెప్పింది. "నీ బిడ్డకి మొదటి పన్ను ఊడింది. నాయిన వచ్చి ఇంటి కప్పు మీదికి విసరాల్సిందేనని అగ్గిపెట్టెలో దాచుకోనుండాది. దినాము తీసి చూసుకుంటాంది."

చిన్నరాజం ముఖం ముడుచుకుపోయింది. మూడు రోజుల దెబ్బలకు ఏడవని మనిషి ఆ మాటకు ఏడ్చాడు. అరుణ అతన్ని లేపి కిచెన్ గట్టు దాకా నడిపించింది. అంతలోనే ఇంజను మోగింది. యాట్ కదిలింది.

"హలో," అంది వెనక నుంచి ఒక గొంతు, ఇంగ్లీషులో.

ఫరీదా. చేతిలో పిస్టల్, దాని చుట్టూ ఎర్రటి గోళ్లు. "పనిమనిషి ముఖం ఎవరూ చూడరనుకున్నావు. నేను కనుబొమలు చూస్తాను. మీ మామా సంచి మోసుకుంటూ నా సెలూన్‌కి పన్నెండు సార్లు వచ్చావు. మరి అసలు ఏజెంటువి నువ్వైతే, వీడెవడు?"

"నాచు గీకుతాడు."

"నిజంగానా?" ఫరీదాకు నవ్వాగలేదు. పైనున్న తన వాళ్ల తెలివిని తలుచుకుని ఒక్క క్షణం కళ్లు మూసి నవ్వింది.

ఆ క్షణం చాలు. దక్కూస్ గిన్నె ఆమె ముఖం మీద బోర్లాపడింది. రాయచోటి కారం తన పని తాను చేసింది. పిస్టల్ పేలి గుండు పైకప్పులోకి పోయింది. పైన అడుగుల చప్పుడు. అరుణ చిన్నరాజాన్ని లాక్కుంటూ వెనక తలుపు గుండా యాట్ చివరికి పరిగెత్తింది. కింద నీళ్లు తెల్లగా నురగలు కక్కుతున్నాయి.

"దుంకు!" అన్నాడు అతను.

"నాకు ఈత రాదు."

"ఈత రాకుంట సముద్రంలకెందుకొచ్చినవ్ అక్కా!"

జవాబు కోసం అతను ఆగలేదు. ఆమె నడుము పట్టుకుని దూకేశాడు.

నీళ్లు చెవుల్లో, ముక్కులో, బుర్రలో నిండాయి. ఇంతవరకు ఏ తుపాకీకీ భయపడని అరుణజ్యోతి ఆ క్షణంలో నిజంగా భయపడింది. చచ్చిపోతున్నానని అనుకుంది. వేళ్లు ఎలాగో తలలోకి పోయి క్లిప్పును నొక్కాయి. చిన్నరాజం ఆమెను గుండెకు హత్తుకుని కిందికి, ఇంకా కిందికి లాగాడు. పైన నీళ్లలోకి గుళ్లు గీతలు గీస్తూ దిగాయి.

తేలేసరికి యాట్ వాళ్ల కోసం వెనక్కి తిరుగుతోంది. మునగడం, తేలడం. మళ్లీ మునగడం. ఎన్నిసార్లో ఆమె లెక్క తప్పింది. ఓడల కింద ఐదేళ్లు ఊపిరి బిగబట్టిన మనిషికి అదంతా డ్యూటీలాగే ఉంది. రెండు యాభై ఎనిమిదికి దిష్‌దాషా మనిషి రెయిలింగ్ మీద మోచెయ్యి ఆనించి, చిన్నరాజం తలకు గురిపెట్టాడు.

హెలికాప్టర్ నీడ అతని మీద పడింది. రెండు వైపుల నుంచి కోస్ట్ గార్డ్ బోట్లు. సరిహద్దు ఇంకా నాలుగు వందల మీటర్ల దూరంలో ఉంది. అతను తుపాకీ కిందపడేసి చేతులెత్తాడు. ఎర్రటి కళ్లతో ఫరీదా పైకి వచ్చి, ముందు నీళ్లు అడిగింది.

చేపల బుట్టలు ఎత్తడానికి వచ్చిన లాంచీ ఒకటి వాళ్లిద్దరినీ పైకి లాగింది. హుస్సేన్ వలి అరుణను చూసి నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

"ఏమ్మే, మూత కోసరం మునిగేదాకా పోవల్లా?"

మూత మాత్రం యాట్‌లోనే ఉండిపోయింది. ఆమె దగ్గుతూనే నవ్వింది. పక్కన చిన్నరాజం ఐసు పెట్టెకు ఆనుకుని, కట్ల వాతలు తేలిన చేతులను చూసుకుంటున్నాడు. బతికున్నానని అతనికి ఇప్పుడిప్పుడే తెలుస్తోంది.

*

ఆదివారం సాయంత్రం విమానాశ్రయం. చిన్నరాజం ట్రాలీ మీద ఈశ్వరయ్య కట్టిన పెట్టె, పక్కన అరుణ, ఈశ్వరయ్య. అరుణ అతని భార్యకు ఎవరి ద్వారానో తెలిసిన పనిమనిషి అని అతనికి చెప్పారు. అతను నమ్మాడు. నమ్మకపోవడానికి కారణమేమీ అతనికి కనబడలేదు.

లోపలికి పోయే ముందు వెనక్కి వచ్చి, మొహమాటపడుతూ నిలబడ్డాడు.

"అక్కా, ఒక్క మాట జెప్త, ఏమనుకోకు. నా పానం కాపాడినవ్, నీకేమిచ్చినా తక్కువే. గని నీ పని జూస్తె నాకు మస్తు బాదైతున్నది. ఈత రాని మనిషిని సముద్రంల దింపుతరా? నాకు ఎర్కున్న ఇల్లొకటి ఎడారి దిక్కు కబ్ద్‌ల ఉన్నది. మామా మంచిది. పనోళ్లకు శుక్రవారం సెలవిస్తది. జెప్పుమంటవా?"

తొమ్మిదేళ్ల సర్వీసులో శత్రువులు అరుణజ్యోతికి చాలా ఆశలు చూపారు. విల్లా చూపారు, పాస్‌పోర్టు చూపారు, వజ్రాలు కూడా చూపారు. ఏనాడూ ఆమె చలించలేదు. ఇప్పుడు మాత్రం పక్కనే నిలబడ్డ ఈశ్వరయ్య వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అంది.

"ఫోన్ నంబరు ఇయ్యి తమ్ముడూ."