ప్రతి పేజీ కింద సంతకం

"కాలువకు నీళ్లు ఇడిసిండ్రా సారూ? ముందుగాల గా ముచ్చట చెప్పుండ్రి."

కుర్చీలో కూర్చోకముందే గంగామణి అడిగిన మొదటి మాట అది. నిజామాబాద్‌లో పదేళ్లుగా ప్రైవేటు డిటెక్టివ్‌గా పనిచేస్తున్న దశరథం ఆ ప్రశ్న వెనకున్న భయాన్ని వెంటనే పట్టుకున్నాడు.

"ఎవరు కనపడ్తలేరక్కా?"

"నా బిడ్డ లాస్య. పందొమ్మిదేండ్లు. నిన్న పొద్దుగాల ఇంగ్లీషు క్లాసని మా ఊరు మోస్రాల బోధన్ బస్సెక్కింది, మల్ల రాలే. ఫోన్ బందైంది. ఎవడన్న ఎత్కపోయిండో, కాలువల పడ్డదో... ఇంత ఎండల గూడ మెడకు చున్నీ సుట్టుకొనే ఉంటది సారూ. ఎవడో ఏమో జేసిండు."

"నీ నోట ఒక్క మంచి మాట రాదే," అని కసిరాడు పక్కనే ఉన్న భర్త ముత్తన్న.

గంటలో దశరథం, అతని సహాయకురాలు రిజ్వానా మోస్రాలో ఉన్నారు. రిజ్వానా లాస్య ఇంట్లో బీరువా వెతికింది. రెండు జతల బట్టలు, రేషన్ కార్డు లేవు. లాస్య బంగారు గొలుసు మాత్రం డబ్బాలోనే ఉంది.

"ప్రేమించినోనితోని పోయే పిల్ల గొలుసు ఇడిసిపెట్టి రేషన్ కార్డు పట్కపోతదా సార్?"

"పోదు. ఆ కార్డు ఎక్కడ అడుగుతరో ఆలోచించు," అన్నాడు దశరథం.

టీవీ మీద లాస్య హోంవర్క్ నోటుబుక్కు ఉంది. లోపలంతా ఇంగ్లిష్ వాక్యాలు. ప్రతి పేజీ కింద తెలుగులో గంగామణి సంతకం. మొదట్లో వంకరగా, పోనుపోను కుదురుగా, చివరి పేజీల్లో కింద గీతతో సహా.

"ఏడు దాంక సదివిన సారూ, ఇంగ్లీషు రాదు. ఇంట్ల సంతకం పెట్టిచ్చుకొని రమ్మంటడట మాస్టరు. బువ్వ తిన్నంక రోజూ పెడ్తుంటి."

దశరథం నిలబడే చివరి పేజీ దాకా చదివాడు. తర్వాత బోధన్ నుంచి మాస్టరు హస్సాన్‌ను పిలిపించి, అందరినీ ముందు గదిలో కూర్చోబెట్టాడు.

"ఇవి దిద్దింది నువ్వేనా?"

"నేనే సార్. కావచ్చు, పోవచ్చు, రావచ్చు అనే వాక్యాలు, రోజూ జరిగే పనుల వాక్యాలు. ఇంటి సంగతులు రాయమంట."

"నిజమా అని అడిగినవా?"

హస్సాన్ తల దించుకున్నాడు. "అడిగిన. 'ఇంట్ల తెలుసు సార్' అని అమ్మ సంతకం సూపెట్టింది. నమ్మిన."

రిజ్వానా తన గురువు ఛేదించిన ప్రతి కేసూ ఆరాధనగా రాసుకుంటుంది. ఆ పూట మాత్రం, ఇది రాసుకునే కేసు కాదని, కలానికి మూత పెట్టేసింది.

"లాస్యను ఎవరూ ఎత్కపోలే," అన్నాడు దశరథం మెల్లగా. "ఆ చున్నీ కింద దెబ్బ లేదక్కా, గడ్డ ఉంది. సర్కారు పథకంల ఆపరేషన్‌కు రేషన్ కార్డు అడుగుతరు. నీ భయం సూసి పిల్ల నోరు తెరిచి చెప్పలేకపోయింది. చెప్పకుండనూ ఉండలేకపోయింది. రోజూ నీ చేతికే ఇచ్చింది."

అతడు పేజీలు తిప్పుతూ తెలుగులో వినిపించాడు.

"అమ్మ రోజూ భయపడుతుంది. నా మెడ మీద గడ్డ ఉంది. అది పెద్ద జబ్బు కావచ్చు. చెబితే అమ్మ తట్టుకోలేకపోవచ్చు." చివరి పేజీ తిప్పాడు. "బుధవారం హైదరాబాద్‌లో ఆపరేషన్. పెద్దాసుపత్రి, ఆరో వార్డు. నేను ఒక్కదాన్నే పోవచ్చు. అమ్మ రావచ్చు."

దాని కిందా సంతకం ఉంది, గీతతో సహా.

ఆ రోజు మంగళవారం.

ముత్తన్న చెప్పుల కోసం వెతుక్కున్నాడు. గంగామణి తన సంతకాన్ని బొటనవేలితో రుద్దుతూ ఉండిపోయింది.

రిజ్వానా ఆసుపత్రికి ఫోన్ చేసి, వార్డులో నర్సును బతిమాలి లాస్యను పిలిపించి, ఫోను గంగామణి చెవికి ఆనించింది.

"లాస్యా... సంతకం పెట్టిన గదా బిడ్డా. ఇప్పుడే సదివిచ్చుకున్న. నేను, బాపు బయలెల్లినం."

అవతల ఫ్యాను చప్పుడు, ఊపిరి. గంగామణి పెదవుల దాకా వంద భయాలు వచ్చాయి. ఒక్కటీ బయటికి రానివ్వలేదు.

"అమ్మా," అంది లాస్య చివరికి. "చద్దరు పట్కరా. ఈడ సలి పెడ్తుంది."