వెలిగించని సిగార్

మధు సిగార్ వెలిగించి రెండు దమ్ములు కూడా లాగలేదు. వెనక నుంచి ఎవరో బకెట్ నీళ్లు గుమ్మరించారు.

తల తడిసింది, చొక్కా తడిసింది, చేతిలోని సిగార్ చుయ్‌మని ఆరిపోయింది. తిరిగి చూస్తే ఖాళీ బకెట్‌తో ఒక అమ్మాయి.

"కండ్లు కనపడ్తలేవా? పైన ఎండిన ఆకు ఏలాడుతుంటే కింద నిప్పు ముట్టిస్తవా? షెడ్డు అంటుకుంటే ఏడాది కష్టం బూడిదైతది!"

మధు తలెత్తి చూశాడు. రేకుల షెడ్డు ఈ కొస నుంచి ఆ కొస దాకా దండలు గుచ్చి వేలాడదీసిన పొగాకు. ఒక్క రవ్వ చాలు.

"తప్పైంది. చూసుకోలే," అన్నాడు.

"ఎవరు నువ్వు? ఆకు కొనే కంపెనీ మనిషివా?"

"కాదు. మాది వనపర్తి. పేరు మధు. బుచ్చన్న కాకను కలవాలె."

"నేను ఆయన బిడ్డను, నవనీత. నాయన పెబ్బేరు అంగడికి పోయిండు. ఏం పని?"

మధు మొహం తుడుచుకుని, బ్యాగులోంచి సిగార్ల డబ్బా తీసి చూపిస్తూ చెప్పాడు. హైదరాబాదులో ఒక పెద్ద హోటల్లో సిగార్ లౌంజ్ ఉంది. వచ్చిన అతిథికి ఏ సిగార్ నచ్చుతుందో చూసి, దాని రుచి వివరించి ఇవ్వడం అతని ఉద్యోగం. ఇన్‌ఛార్జి కావాలంటే ఒక పరీక్ష ఉంటుంది. పేరు లేని సిగార్లు మూడు ముందు పెడతారు. వాటిలో ఏముందో చెప్పాలి. మొదటిసారి తప్పాడు. ఇంకో పదకొండు రోజుల్లో రెండోసారి. మల్దకల్ దగ్గర బుచ్చన్న అనే రైతు ఆకు వాసన చూసి అది ఏ చేనుదో చెప్తాడని గద్వాల మిత్రుడు రవి చెబితే వెతుక్కుంటూ వచ్చాడు.

నవనీత మొహం గట్టిపడింది.

"మా నాయన ఛాతీ ఖరాబైంది. రెండు నెలలు కర్నూలు దవాఖాన చుట్టు తిరిగినం. చుట్ట మాన్పించి ఆర్నెల్లు కాలే. ఆయన ముంగట నీ డబ్బా తెరుస్తవా? పో, వచ్చిన తొవ్వ పట్టు."

"నాకు తెల్వదు. తెలిస్తే వచ్చేటోన్నే గాదు." బ్యాగు భుజానికి వేసుకున్నాడు.

నాలుగడుగులు వేయనిచ్చి ఆమె పిలిచింది. "ఓ సారూ! ఆ నానిపోయిన దాని రుచి ఏందో చెప్పు, ఇందాం."

మధు ఆగాడు. లౌంజ్‌లో చెప్పే గొంతుతోనే చెప్పాడు. "మొదట కోకో, తర్వాత దేవదారు చెక్క, పాత తోలు, చివర్ల తెల్ల మిరియం."

"దేవదారు చెక్క ఎన్నడన్న చూసినవా?"

"లేదు."

"కోకో?"

"చాక్లెట్ తిన్న."

"ఎన్నడు చూడనిది నీ నోరు ఎట్ల గుర్తుపడ్తది? పుస్తకంల ఉన్నది అప్పజెప్తున్నవ్."

మధు తడిసిన సిగార్‌ను చేతిలో తిప్పి చూశాడు. మొదటి పరీక్ష అయ్యాక మేనేజర్ కూడా దాదాపు ఇదే అన్నాడు. కాకపోతే ఇంగ్లీషులో అన్నాడు, అందుకని అంతగా గుచ్చుకోలేదు.

"మరి నువ్వు నేర్పుతవా?"

"నేను తాగను."

"తాగకుండనే నేర్పు."

నవనీత నవ్వాపుకుంది. ఈ షెడ్డులో నాయన తర్వాత ఆమె ముక్కును మించిన ముక్కు లేదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. కానీ ఎవరూ వచ్చి నేర్పమని అడిగింది లేదు. "రేపు పొద్దుగాల రా. ఆకు గ్రేడింగు నడుస్తుంది. ఉత్తగ నిలబడితే గాదు, పని జెయ్యాలె. నాయనకు కంపెనీ ట్రైనింగోడని చెప్త. నీ డబ్బా మాత్రం ఆయన కంట పడొద్దు."

మర్నాటి నుంచి రవి బండి మీద మధు రోజూ వచ్చాడు. ఆడవాళ్ల మధ్య గోనెసంచి మీద కూర్చుని ఆకు వేరు చేశాడు. మొక్కకు అడుగున కాసిన ఆకు పల్చన, ఘాటు తక్కువ. నడిమాకులో వాసన ఉంటుంది. ఎండంతా తాగిన కొస ఆకు మందంగా, జిడ్డుగా ఉండి గొంతు పట్టేస్తుంది. లౌంజ్‌లో ఇవే సంగతులకు స్పానిష్ పేర్లు చెప్పేవాడు. చేత్తో పట్టుకోవడం ఇదే మొదలు.

నాలుగో రోజు నవనీత తన చున్నీతో అతని కళ్లకు గంతలు కట్టింది. ముక్కు దగ్గర ఏదో పెట్టి, "ఇదేంది?" అంది.

"కుంకుడుకాయ."

"ఏందీ?"

"కుంకుడుకాయ. ఇంత కొబ్బరినూనె గూడ ఉంది."

పక్కనున్న ఆడవాళ్లు గొల్లున నవ్వారు. నవనీత చున్నీ లాగేసుకుంది. "ఆకు వాసన చూడుమంటే నా చున్నీ చూస్తున్నవా?"

"అదే ముంగటున్నది. నేనేం జెయ్యాలె?"

ఆ పూట ఆమె అతనితో మాట్లాడలేదు. సాయంత్రం వెళ్లేటప్పుడు మాత్రం, "రేపు జల్ది రా," అంది.

మెల్లగా మధుకు తన మాటలు దొరికాయి. ఒక ఆకులో వేయించిన పల్లీ వాసన. ఇంకోదాంట్లో తొలివాన పడ్డ నల్లరేగడి. మూడోదాన్ని పట్టుకుని చాలాసేపు ఆలోచించి, "మా అమ్మ పాకం పడ్తుంటే బెల్లం అడుగంటిన వాసన," అన్నాడు. నవనీత దాన్ని తీసుకుని వాసన చూసి తలూపింది. "గిప్పుడు చెప్తున్నవ్ నువ్వు."

ఎనిమిదో రోజు మధ్యాహ్నం వేళగాని వాన వచ్చింది. పనివాళ్లు బువ్వకు పోయారు. ఇద్దరూ పరుగున వెళ్లి టార్పాలిన్ పట్టాలు కప్పి, ఆకు తడవకుండా దండలు లోపలికి జరిపి, ఆయాసపడుతూ షెడ్డు మధ్యలో నిలబడ్డారు. ఆమె నుదుటి మీద జుట్టు అంటుకుపోయింది. మధు చూపు తిప్పుకున్నాడు, మళ్లీ చూశాడు.

"అట్ల చూడకు. నీ డబ్బా తియ్యి, పని జేద్దాం."

మంచి సిగార్ ఇంకొక్కటే మిగిలింది. మధు దాని మూతి కత్తిరించి, వెలిగించకుండానే పెదాల మధ్య పెట్టుకుని గాలి లాగడం చూపించాడు. నిప్పు తగలకముందే సగం రుచి తెలిసిపోతుందన్నాడు. నవనీత కాసేపు తటపటాయించి తనూ తీసుకుని లాగింది. కళ్లు మూసుకుంది.

"ఎండుద్రాక్ష," అంది. "ఎనక నుంచి జర కారం."

"నవనీతా!"

గుమ్మంలో తడిసిన గొంగడితో బుచ్చన్న. కూతురి పెదాల దగ్గర ఇంత లావు చుట్ట.

"నన్ను మాన్పించి నువ్వు మొదలుపెట్టినవా? ట్రైనింగ్ అంటే గిదా?"

నవనీత సిగార్‌ను వెనక్కి దాచబోయింది. మధు ముందుకొచ్చి తను ఎవరో, ఎందుకొచ్చాడో దాచకుండా చెప్పేశాడు. "తాగలే కాకా. వాసన చూసినమంతే. ఆమె వద్దన్నా అడిగి అడిగి వచ్చింది నేను."

బుచ్చన్న నమ్మాడో లేదో, చెయ్యి చాపాడు. సిగార్ అతని చేతిలోకి పోయింది.

"నాయనా, ఇటియ్యి," అంది నవనీత గాబరాగా.

అతను వినలేదు. సిగార్‌ను చెవి దగ్గర పెట్టి రెండు వేళ్ల మధ్య దొర్లించాడు. వెలుతురుకు ఎత్తి చూశాడు. ముక్కు కింద పెట్టుకుని ఈ కొస నుంచి ఆ కొసకు నిదానంగా జరిపాడు.

"పై ఆకు నీడల పెరిగింది. ఈనెలే కనపడ్తలేవు. లోపల కొస ఆకు ఒక్కటే ఏసిండ్రు, కడమదంత నడిమాకు. ఏండ్ల కొద్ది మాగబెట్టిండ్రు, పచ్చివాసనే లేదు. చుట్టినోడు మంచి పనోడు."

వారం రోజులుగా మధు నేర్చుకుంటున్నదంతా ఆయన ఒక్క నిమిషంలో చెప్పేశాడు. బల్ల మీద డబ్బా పక్కనే మధు లైటర్ ఉంది. బుచ్చన్న దానివైపు చూశాడు. ఒక అడుగు అటు వేసి ఆగాడు.

సిగార్‌ను మధు చేతిలో పెట్టాడు. "తీసుకపో పిలగా. నా కండ్ల ముంగట ఉంచకు. బిడ్డకు మాటిచ్చిన."

దగ్గుకుంటూ ఇంటివైపు నడిచాడు. నవనీత ఆ దగ్గు వినిపించినంతసేపు కదలలేదు.

"ఈ ఆకే మమ్ములను సాకింది. ఈ ఆకే మా నాయన ఛాతీ తిన్నది," అంది తర్వాత. "నీకు పరీక్ష పాస్ కావాలె, మంచిదే. గనీ రోజూ ఆ పొగల కూసునేటోన్ని..."

"కూసునేటోన్ని?"

"ఏం లేదు. వాన తగ్గింది, పో."

మధు పరీక్ష పాసయ్యాడు. ముంబై నుంచి వచ్చిన పరీక్షకుడు 'వేయించిన పల్లీ' అన్న మాటకు మొదట నవ్వాడు. మళ్లీ ఒక దమ్ము లాగి, ఆలోచించి, కాగితం మీద రాసుకున్నాడు. కానీ వరసగా మూడు సిగార్లు తాగిన ఆ సాయంత్రం మధుకు దగ్గు వచ్చింది. బాత్రూములో నీళ్లు పుక్కిలిస్తుంటే అతనికి షెడ్డులో విన్న బుచ్చన్న దగ్గే గుర్తొచ్చింది.

ఇన్‌ఛార్జి అయితే రోజుకు పది గంటలు పొగలో ఉండాలి. రెండు వారాలు మేనేజర్ చుట్టూ తిరిగాడు. సిగార్లు ఎంచి, కొని, తేమ చెడకుండా దాచే స్టాకు గదిలో పని అడిగాడు. అక్కడ నిప్పు ముట్టించరు. హోదా తక్కువ. మేనేజర్ పిచ్చోణ్ని చూసినట్టు చూసి సంతకం పెట్టాడు.

మర్నాడే తల్లి వనజను వెంటబెట్టుకుని బుచ్చన్న ఇంటికి వచ్చాడు. పెద్దవాళ్లు లోపల పెళ్లి మాట మాట్లాడుకుంటుంటే నవనీత వాకిట్లో అతన్ని నిలబెట్టింది.

"పరీక్ష అయ్యి పదిహేను దినాలు. ఒక్క ఫోన్ లేదు. పనైపోయింది, మర్చిపోయిండు అనుకున్న."

"పొగల కూసునే కొలువు చేతిల పెట్టుకొని ఏమని ఫోన్ జెయ్యాలె? అది తేలినంక మాట్లాడ్దామనుకున్న."

సంగతంతా చెప్పాడు. ఆమె విని, "నేను అడగలే గద," అంది.

"సగం అడిగినవ్. కడమ సగం బస్సుల సమజైంది."

"పెద్ద పోస్టు ఇడిసిపెట్టినందుకు బాధ లేదా?"

"ఉంది జర. అబద్ధమెందుకు?"

ఆ జవాబు ఆమెకు నచ్చింది. నచ్చినట్టు కనపడకుండా లోపలికి నడిచింది.

"ఏం బిడ్డా, వీళ్లు అడుగుతుండ్రు. ఏమంటవ్?" అన్నాడు బుచ్చన్న.

"సరే అంటున్న నాయనా. గనీ ఆకు అమ్ముడు పోయినంకనే ముహూర్తం పెట్టుండ్రి. పని నడుమ ఇడిసి పెండ్లిపీటల మీద కూసోను."

వనజ నవ్వేసింది. "అట్లనే బిడ్డా. మేమేడికి పోతం?"

"మరి ఆకు పనికి నేను గూడ వస్త," అన్నాడు మధు గుమ్మంలోంచి. "ఆదివారం ఆదివారం."

అందరూ అతనివైపు చూశారు. మధు చెవులు ఎర్రబడ్డాయి.

"రా," అంది నవనీత. ఈసారి ఆమె గొంతులో ఎగతాళి లేదు.